తొట్టి నుంచి వచ్చే మాట

జనవరి 20, సోమవారం

మోడెం పోయింది.

పొద్దున డ్యూటీ ఎక్కి ప్యానెల్ ముందు నిలబడితే, పైన తొట్టి లెవెల్ చూపించే చోట అంకె లేదు. అడ్డగీతలు ఉన్నాయి. తలుపు తెరిచి చూశాను. మోడెం మీద ఎప్పుడూ వెలిగే పచ్చ లైటు ఆరిపోయింది. పెట్టె మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది. ఊడదీసి దుమ్ము దులిపాను. కరెంటు తీసి మళ్లీ ఇచ్చాను. లేవలేదు.

ఇంటికొచ్చి చెబితే వెంకటరావమ్మ "పోతే ఏమవుతుంది?" అంది. ఇన్నేళ్ల నుంచి పంపుహౌసులో చేస్తున్నా, నా పని ఏమిటో పెళ్లానికి సరిగ్గా చెప్పనే లేదని అప్పుడు తట్టింది. కూర్చోబెట్టి చెప్పాను. సాగర్ కాలువ గట్టున మా పంపుహౌసు. దూరంగా దిబ్బ మీద తొట్టి. మేం ఎత్తిపోసిన నీళ్లు ఆ తొట్టిలో పడి, అక్కణ్నుంచి పిల్లకాలువల్లో మిరప చేలకు పోతాయి. తొట్టిలో నీళ్లు ఎంత ఉన్నాయో అక్కడి పరికరం చూసి, భూమిలో వేసిన గాజు తీగలో వెలుతురుగా కిందికి పంపిస్తుంది. ఆ వెలుతురును ప్యానెల్‌కు అర్థమయ్యేట్టు మార్చేదే మోడెం. అది బాగున్నన్నాళ్లూ తొట్టి నిండగానే మోటార్లు వాటంతట అవే ఆగేవి. ఇప్పుడు తొట్టి సంగతి మోటార్లకు తెలియదు.

ఆమె ఏదో అడిగింది. అవునన్నాను.

జనవరి 21

ఏఈ శ్రీదివ్య మేడం వచ్చి మోడెం నంబరు రాసుకుని, ఫొటోలు తీసుకుని, ఎవరెవరికో ఫోన్లు చేశారు. ఆ కంపెనీ ఈ రకం చెయ్యడం ఎప్పుడో మానేసిందట. విడిభాగాలు కూడా దొరకవట. నల్లపాడులో ఖాజావలి అని ఒకతను ఇలాంటివి చూస్తాడు, అతన్ని పిలిపిస్తానన్నారు.

అప్పటిదాకా మోటార్లు ఆపడానికి లేదు. రెండో కోత కాయ ఊరుతున్న రోజులు. ఇప్పుడు తడి తప్పితే చేను మొత్తం ముడుచుకుపోతుంది. అందుకని తొట్టి దగ్గర గేట్లు చూసుకునే పుల్లమ్మ, గోడ మీది గీతలు చూసి నాకు ఫోను చెయ్యాలి. నేను దాన్నిబట్టి మోటార్లు నడపాలి, ఆపాలి.

"చేసుకోగలరు కదండీ?" అన్నారు మేడం. ఇదేం పెద్ద పని అన్నాను.

జనవరి 23

పుల్లమ్మ ఫోను పాతది. సగం మాట మింగేస్తుంది. మేడంతో చెప్పి మార్పించాలి.

జనవరి 25

వెంకటరావమ్మ ఈ మధ్య మాటలు నోట్లోనే అనుకుంటోంది. పళ్లు కదులుతున్నాయేమో. పొన్నూరులో పళ్ల డాక్టరు బాగా చూస్తాడంటున్నారు.

జనవరి 27, సోమవారం

ఖాజావలి కొత్త మోడెం ఒకటి తెచ్చాడు. మంచి పనిమంతుడు. తీగలు విప్పేటప్పుడు ఒక్కోదానికి రంగు టేపు చుట్టి మరీ విప్పాడు. బిగించాడు. లైటు వెలిగింది కానీ అడ్డగీతలు పోలేదు.

"కింద కొత్తది, పైన పాతది అన్నా. పైనున్నది పంపే వెలుతురు వేరే రకం, ఇది చూడగలిగే వెలుతురు వేరే రకం. రెండూ ఒకే జాతివి ఉండాలి. పాతది దొరకదు కాబట్టి రెండువైపులా మార్చాల్సిందే. జత తెప్పించాలి," అన్నాడు.

ఎన్నాళ్లు పడుతుందని అడిగాను. చెప్పాడు. ప్యానెల్ లోపలికి తలపెట్టి చెప్పాడేమో, సరిగ్గా తెలియలేదు. పోయేటప్పుడు నా భుజం తట్టి మళ్లీ ఏదో అన్నాడు. మాట్లాడేటప్పుడు భుజం తట్టడం ఇతనికి అలవాటు కాబోలు.

జనవరి 30

పుల్లమ్మ ఒకే మాట రెండేసిసార్లు చెబుతోంది. విసుగ్గా చెబుతోంది. పైనుంచి ఫోను చేసేది గాలిలో నిలబడి. దిబ్బ మీద గాలి ఎక్కువ.

ఫిబ్రవరి 4, మంగళవారం

రాయాలని లేదు. రాస్తాను.

మధ్యాహ్నం అన్నం తిన్నాక రెండు మోటార్లూ నడుస్తున్నాయి. పుల్లమ్మ ఫోను చేసింది. "ఆపకండన్నా, ఆపకండి" అని వినపడింది. సరేనన్నాను. ఫోను బల్ల మీద పెట్టి రెండో మోటారు దగ్గర గ్రీజు పెట్టుకుంటూ ఉన్నాను.

వెనక నుంచి ఎవరో నా చొక్కా పట్టుకుని లాగారు. బుల్లయ్య. దిబ్బ కింద ఆయన మిరప చేను, చేను పక్కనే కాయ ఎండబోసుకునే కల్లం. ప్యాంటు మోకాళ్లదాకా తడిసి బురదగా ఉంది. మోటారు శబ్దాన్ని మించి అరుస్తున్నాడు.

"కల్లం మునిగింది. ఆపవయ్యా. ముందు ఆపు."

రెండు బటన్లూ నొక్కేశాను. బల్ల మీద ఫోను చూస్తే పుల్లమ్మ చేసినవి వరసగా ఉన్నాయి. ఒక్కటీ నాకు తెలియలేదు.

ఆయన బండి వెనక కూర్చుని వెళ్లాను. తొట్టి అంచు పొర్లి దిబ్బ వాలున నీళ్లు దిగాయి. పుల్లమ్మ గేట్లన్నీ బార్లా తెరిచినా ఆగలేదట. బస్తాలకు ఎత్తడానికి సిద్ధంగా ఉన్న కాయ, ఎర్రగా గలగలలాడే కాయ, నీళ్లలో తేలుతోంది. బుల్లయ్య భార్య, కోడలు చీరలు ఎగ్గట్టుకుని చేటలతో ఎత్తిపోస్తున్నారు. పుల్లమ్మ చేతులతోనే తోడి గట్టున వేస్తోంది. నన్ను చూసింది. మళ్లీ వంగి తోడసాగింది.

"ఏందయ్యా ఆపరేటరూ, ఆమె గొంతు చించుకుని ఆపమంటే నువ్వేం చేస్తన్నావు?" అన్నాడు బుల్లయ్య.

ఆపకండి అని చెప్పిందన్నాను.

ఫిబ్రవరి 5

మేడం ఇద్దర్నీ పిలిచి అడిగారు. మనుషుల్ని పంపే కాంట్రాక్టరు తాలూకు సూపర్‌వైజరు కూడా కూర్చున్నాడు.

"ఆపండి అనే చెప్పానమ్మా. మూడుసార్లు చెప్పాను," అంది పుల్లమ్మ.

నాకు ఆపకండి అని వినపడిందని, ఆమె ఫోను బాగాలేదని చెప్పాను. సూపర్‌వైజరు వెంటనే అందుకున్నాడు. చదువురాని మనిషిని ఇలాంటి పనికి పెడితే ఇంతేనని, ఈ వారం దాటాక ఆమెను మాన్పించి వేరే మనిషిని పెడతానని అన్నాడు. మేడం, ముందు విచారణ పూర్తి కానివ్వండి అన్నారు.

నేను అబద్ధం చెప్పలేదు. వినపడిందే చెప్పాను.

ఫిబ్రవరి 6

నేను అబద్ధం చెప్పలేదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

వీక్లీ ఆఫ్. బుల్లయ్య కల్లానికి వెళ్దామని నేను అనకముందే వెంకటరావమ్మ రెండు పాత చీరలు, మంచినీళ్ల సీసా సంచిలో పెట్టుకుని సిద్ధంగా ఉంది. ముక్కుకు కట్టుకోవడానికి చీరలట.

తడిసిన కాయను మెట్టమీదికి తెచ్చి పట్టాల మీద పలచగా పరిచారు. గంటగంటకూ తిరగేయాలి, లేకపోతే బూజు పడుతుంది. కొంత అప్పుడే తెల్లబడి తాలు తిరిగింది. బుల్లయ్య మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నాడు కానీ పొమ్మనలేదు. ఆయన భార్య నా చేతికి పార ఇచ్చింది. ఘాటుకు కళ్లు మండాయి, చేతులు మండాయి. ఎవరూ మాట్లాడుకోలేదు. అదే నాకు హాయిగా అనిపించింది.

పుల్లమ్మ కూడా వచ్చింది. నా వెనక వరసలో తిరగేస్తోంది. కాసేపటికి పార కింద పెట్టి, చుట్టూ తిరిగి నా ఎదురుగా వచ్చి నిలబడింది. నా మొహంలోకి చూస్తూ, తొందరపడకుండా మాట్లాడింది.

"అన్నా, ఇందాకట్నుంచి వెనక నిలబడి మిమ్మల్ని పిలుస్తన్నాను. నాలుగుసార్లు పిలిచాను."

పనిలో పడి గమనించలేదన్నాను.

"ఆ రోజు ఫోన్లో నేను అరిచిన అరుపుకు దిబ్బ మీద మేకలు కూడా తలలెత్తి చూశాయి. ఫోను మంచిదే అన్నా. మా అమ్మాయితో రోజూ మాట్లాడేది దాంతోనే. మీకు వినపడటం లేదు."

నేను కాయలు తిరగేశాను. ఆమె అక్కడే నిలబడింది.

"నేను మేడంగారికి చెప్పలేదు. చెప్పను. అది మీరు చెప్పుకోవాల్సిన మాట. నా గురించి దేవుడున్నాడులే," అని తన వరసకు వెళ్లిపోయింది.

అంత మాట అనేసి, సాయంత్రం దాకా మళ్లీ మామూలుగానే పనిచేసింది. వెంకటరావమ్మకు తన డబ్బాలో అన్నం కూడా పెట్టింది.

బస్సులో వెంకటరావమ్మను అడిగాను, నీకు తెలుసా అని. నా కుడి చెవి దగ్గరికి వచ్చి, "మూడేళ్ల నుంచి తెలుసు. చెబితే మీకు కోపం," అంది. కుడివైపు కూర్చోవడం ఆమెకు ఎప్పటి నుంచి అలవాటైందో నేను చూసుకోలేదు.

ఫిబ్రవరి 8, శనివారం

నిద్ర లేచేసరికే చెప్పాలని ఉంది. టీ తాగేసరికి వద్దనిపించింది. చెవులు పనిచెయ్యవంటే డ్యూటీకి పనికిరాడని రాస్తారు. నాకు వేరే పని రాదు. పైగా ఇది చెవుడు కాదు, మోటార్ల హోరులో ఎవరికైనా అంతే. మోటార్లు ఆగినప్పుడు బాగానే వినపడుతుంది.

పుల్లమ్మ మాట్లాడినప్పుడు కల్లంలో మోటార్లు లేవు.

డివిజన్ ఆఫీసుకు వెళ్లాను. మేడం ఏదో ఫైలు చూస్తున్నారు. నిలబడే చెప్పాను.

"పుల్లమ్మ ఆపండి అనే చెప్పి ఉంటుంది మేడం. నాకు వినపడదు. కొన్నాళ్ల నుంచి వినపడటం లేదు. ఫోను అయితే ఇంకా అన్యాయం."

ఆమె పెన్ను కింద పెట్టారు. నాలుగు మాటలు గట్టిగానే అన్నారు. అన్నీ వినపడ్డాయి. మోడెం పోయిన మర్నాడు చేసుకోగలరా అని అడిగింది ఇందుకే గదా అన్నారు. ఆ రోజు ఈ ముక్క చెప్పి ఉంటే బుల్లయ్య గారి కాయ తడిసేది కాదు, పుల్లమ్మ మీదికి మాట వచ్చేది కాదు అన్నారు. నిజమే. తల దించుకుని ఉన్నాను.

తర్వాత కుర్చీ చూపించారు. నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, పెదాలు కనపడేట్టు మాట్లాడారు.

"పుల్లమ్మను ఎవరూ మాన్పించరు. ఆ కాగితం ఇవాళే రాస్తాను. మీరు ఫోన్లో మాట్లాడొద్దు. ఆమె గోడ మీది అంకె మెసేజీ పెడుతుంది, అంకెలు ఆమెకు వచ్చు. ఆపాలంటే మిస్డ్ కాల్ ఇస్తుంది. ఫోను వైబ్రేషన్‌లో పెట్టి చొక్కా జేబులో ఉంచుకోండి. బల్ల మీద పెట్టారంటే ఊరుకోను. సోమవారం తర్వాత ఒకరోజు గుంటూరు వెళ్లి చెవి పరీక్ష చేయించుకోండి."

"ఉద్యోగం మేడం?"

"రిపోర్టు రానివ్వండి. ఇప్పుడే ఏమీ చెప్పలేను."

అక్కణ్నుంచి బుల్లయ్య ఇంటికి పోయి ఆయనకూ చెప్పాను. ఆయన నా మొహంలోకే చూస్తూ విన్నాడు. తిడతాడనుకున్నాను. "సరే పో," అన్నాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

పుల్లమ్మ చర్చికి పోయేముందు దిబ్బ మీద కలిశాను. క్షమించమన్నాను. "చెప్పారంటగా, అయిపోయిందిలే," అని గేటు చక్రానికి నూనె పెట్టుకుంటూ కూర్చుంది. చక్రం రెండోవైపు నేను పట్టుకున్నాను.

ఫిబ్రవరి 13

కొత్త పద్ధతి బాగుంది. జేబులో గుండె మీద ఫోను గిలగిలలాడితే చాలు, చెయ్యి బటన్ మీదికి పోతోంది. పుల్లమ్మ రెండున్నర మీటర్లకు ఇరవయ్యైదు అని కొడుతుంది, మధ్యలో చుక్క పెట్టదు. అలవాటైంది.

ఫిబ్రవరి 17, సోమవారం

గుంటూరు పెద్దాసుపత్రి. గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకు తొడుగులు పెట్టారు. శబ్దం వినపడగానే చెయ్యెత్తాలి. కొన్నిసార్లు శబ్దం లేకపోయినా చెయ్యెత్తాను. పరీక్ష చేసే అమ్మాయి నవ్వి, "తొందరపడకండి బాబాయ్, ఇది మార్కుల పరీక్ష కాదు," అంది.

డాక్టరు కాగితం మీద గీత చూపించారు. ఎడమ చెవిది కొండ దిగినట్టు దిగిపోయింది. మోటార్ల పక్కన ఇన్నేళ్లు చెవులకు ఏమీ పెట్టుకోకుండా నిలబడ్డందుకట. పోయింది తిరిగి రాదు, ఉన్నదానికి మిషన్ పెట్టుకుంటే సాయంగా ఉంటుంది, ఇకనుంచైనా చెవులు మూసుకుని పనిచేయండి అన్నారు.

తిరిగి రాదు అన్నప్పుడు వెంకటరావమ్మ నా చెయ్యి పట్టుకుంది. నాకు మాత్రం, దీనికి ఒక పేరు పెట్టారు గదా అనిపించింది. ఇన్నాళ్లూ ఊళ్లో అందరూ గొణుగుతున్నారనుకుని బతికాను.

ఫిబ్రవరి 22, శనివారం

మోడెంల జత వచ్చింది.

ఖాజావలి పొద్దున్నే వచ్చాడు. మేడం కూడా. కొత్త మోడెంకు తీగ దూర్చే చోటు చదరంగా ఉంది, మన గాజు తీగ మూతి గుండ్రంగా ఉంటుంది. మళ్లీ కుదరదనుకున్నాను. మేడం సంచిలో నుంచి పొట్టి తీగలు నాలుగు తీశారు. ఒక కొస గుండ్రం, ఒక కొస చదరం. మొదటి రోజు తీసిన ఫొటోలు చూసి ఇలాగే వస్తుందని ముందే తెప్పించారట.

ముందు కింద బిగించాం. పాత పెట్టె మీద ఏయే బుల్లి స్విచ్చి ఎటు ఉందో చూసి, కొత్తదాంట్లో అదే వేగం పెట్టాడు ఖాజావలి. తర్వాత అతను, మేడం జీపులో తొట్టికి వెళ్లారు. నేను ప్యానెల్ దగ్గర ఉన్నాను. జేబులో ఫోను కదిలింది. "పైన బిగించాం. లైటు?"

లైటు లేదు. లేదని కొట్టాను.

చాలాసేపు ఏమీ రాలేదు. అడ్డగీతల వంక చూస్తూ నిలబడ్డాను. ఇది కూడా కుదరకపోతే మిరప ఆఖరి తడుల దాకా పుల్లమ్మా నేనూ ఇలాగే నడపాలి. నడపగలం. ఆ మాట అనుకున్నాక భయం కొంచెం తగ్గింది.

జీపు తిరిగొచ్చింది. ఖాజావలి దిగి నా ఎదురుగా నిలబడి, రెండు చూపుడువేళ్లు ఒకదానికొకటి ఎదురుగా పెట్టి చూపించాడు. "పైనా కిందా ఇద్దరూ పంపే చోటుకే పంపుతున్నారన్నా. తీసుకునే చోటు ఖాళీగా ఉంది." కింద రెండు కొసలూ ఊడదీసి అటుది ఇటు, ఇటుది అటు దూర్చాడు.

పచ్చ లైటు వెలిగింది. ప్యానెల్ మీద గీతలు పోయి అంకె వచ్చింది. అదే నిమిషాన పుల్లమ్మ మెసేజీ. రెండూ ఒకటే అంకె. ఒకదాంట్లో చుక్క ఉంది, ఒకదాంట్లో లేదు.

అంతటితో వదల్లేదు మేడం. తొట్టి నిండేదాకా నడిపి చూద్దామన్నారు. ముగ్గురం మోటార్ల ముందు నిలబడ్డాం. బటన్ మీదికి పోబోయిన నా చేతిని నేనే వెనక్కి కట్టుకున్నాను. అంకె పెరుగుతూ పెరుగుతూ తొట్టి నిండే అంకె దగ్గరికి వచ్చింది. మొదటి మోటారు ఆగింది. తర్వాత రెండోది. ఎవరూ ఏమీ నొక్కలేదు. అప్పుడు నా జేబులో ఫోను గిలగిలలాడింది. పుల్లమ్మ మిస్డ్ కాల్.

మేడం నవ్వడం మొదటిసారి చూశాను. "ఇక మీదట ఏటా ఒకసారి ఆమె ఫోను మీద కూడా నడిపి చూడాలండీ. రెండు దారులూ తెలిసి ఉండాలి," అన్నారు.

పాత మోడెంను ఖాజావలి అడిగి తీసుకున్నాడు. లోపల పనికొచ్చే ముక్కలు ఉంటాయట.

మార్చి 3, సోమవారం

చెవి మిషన్ ఇచ్చారు. ముందు ఎడమ చెవికి. బస్టాండులో నడుస్తుంటే నా చెప్పుల చప్పుడు నాకే ఎవరో వెంటపడుతున్నట్టు వినపడింది. ఇంటికొచ్చాక పెరట్లో నీళ్ల చుక్కలు, తాలింపు, చీపురు, అన్నీ ఒక్కసారి లోపలికి వచ్చిపడ్డాయి. కాసేపు తీసి జేబులో పెట్టుకున్నాను. మళ్లీ పెట్టుకున్నాను.

వెంకటరావమ్మ మాట గొణుగుడు కాదు. చిన్నప్పటి నుంచీ ఉన్న గొంతే, కొంచెం బొంగురు. పళ్ల డాక్టరు సంగతి ఆమెకు చెప్పను.

మేడం రిపోర్టు చదివి, ఆపరేటరుగా ఉండొచ్చని రాసి పైకి పంపారట. పై నుంచి ఒప్పుకున్నట్టు ఇవాళ ఫోను వచ్చింది. ఫోన్లోనే విన్నాను. మోటార్ల గదిలో చెవులకు పెట్టుకునే తొడుగులు అందరికీ ఇచ్చారు, తొట్టి దగ్గర పుల్లమ్మకు కూడా. అక్కడ శబ్దమే లేదు. ఆమె వాటిని చలిగాలికి వాడుతోంది.

మార్చి 10, సోమవారం

మధ్యాహ్నం బుల్లయ్య పంపుహౌసుకు వచ్చాడు. తాలు పోగా మిగిలిన కాయ మిర్చి యార్డుకు తోలానని చెప్పాడు. అనుకున్నంత దెబ్బ పడలేదట. మంచినీళ్లు ఇచ్చాను. తాగాడు. వెళ్లలేదు. ఆ మాట ఈ మాట చెబుతూ మాటిమాటికీ నా ఎడమ చెవి వంక చూస్తున్నాడు.

చివరికి అటూ ఇటూ చూసి, నా దగ్గరికి జరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని రహస్యంగా అడిగాడు.

"ఆ మిషను యాడ ఇచ్చారయ్యా? నాకు కూడా ట్రాక్టరు మీద కూర్చుని కూర్చుని చెవులు పోయినయ్. ఇంట్లో తెలియదు."

రహస్యంగా అడిగాననే ఆయన అనుకున్నాడు. కాలువ అవతలి గట్టున గడ్డి కోసుకునేవాళ్లు తలలెత్తి ఇటు చూశారు.

నాకు నవ్వు రాలేదు. ఆయన్ని కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని, పరీక్ష ఎలా ఉంటుందో, గాజు గది ఎలా ఉంటుందో అన్నీ చెప్పాను. శబ్దం లేకపోయినా చెయ్యెత్తితే ఏమీ అనరని కూడా చెప్పాను. వచ్చే సోమవారం పొద్దున బస్సుకు ఇద్దరం వెళ్దామన్నాను. సోమవారం, మొదటి బస్సు.

"ఆఁ, వినపడిందిలే," అన్నాడు.

ఆ మాట నేనూ చాలా ఏళ్లు అన్నవాణ్నే. డ్యూటీ దిగాక వాళ్లింటి మీదుగా పోయి, వాళ్లావిడకు కూడా చెప్పి వచ్చాను.